ఇలస్ట్రిస్ టీఎన్‌జీ డేటా సర్వీసు: ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి పనికొస్తుందా?

వైజాగ్‌లో ఫిజిక్స్ చెప్పుకునే నాలాంటివాళ్లకి సూపర్ కంప్యూటర్ ఎక్కడ దొరుకుతుంది? అందుకే ప్రాజెక్టులకి పిల్లల చేత ఈ సర్వీసు వాడిస్తున్నాను: విశ్వంలో గెలాక్సీలు ఎలా ఏర్పడ్డాయో కంప్యూటర్‌లో నడిపి చూసిన ఇలస్ట్రిస్ టీఎన్‌జీ సిమ్యులేషన్ల డేటా ఇందులో దొరుకుతుంది. పైసా ఖర్చు లేదు, పేరు నమోదు చేసుకుంటే చాలు. లెక్కలన్నీ జర్మనీలో, స్టుట్‌గార్ట్‌లోని హేజెల్ హెన్ అనే సూపర్ కంప్యూటర్ మీద ఎప్పుడో అయిపోయాయి. చినవాల్తేరులో కూర్చుని ఆ డేటాని తవ్వుకోవడమే మన పని.

టెలిస్కోపుకి దొరికేవి గెలాక్సీలు. వెలుగునివ్వని పదార్థం, అంటే డార్క్ మ్యాటర్, నేరుగా కనపడదు. రాత్రి కైలాసగిరి నుంచి చూస్తే ఇళ్ల దీపాలను బట్టి అవతలి కొండ వాలు ఊహిస్తాం కానీ, ఇళ్లు లేని చోట కొండ ఎంతుందో దీపాలు చెప్పవు కదా. గెలాక్సీలతోనూ ఇదే చిక్కు. ఎక్కువమంది హెచ్‌ఓడీ (హేలో ఆక్యుపేషన్ డిస్ట్రిబ్యూషన్) అనే పద్ధతి వాడతారు: హేలో (గెలాక్సీలు ఇమిడి ఉండే డార్క్ మ్యాటర్ ముద్ద) ద్రవ్యరాశి ఇంతయితే అందులో సగటున ఇన్ని గెలాక్సీలు అని. సిమ్యులేషన్‌లో గెలాక్సీలు, డార్క్ మ్యాటర్ రెండూ కనిపిస్తాయి కాబట్టి ఆ పద్ధతికే పరీక్ష పెట్టొచ్చు.

మేం పెట్టాం. టీఎన్‌జీ300 అనే బాక్సు (సిమ్యులేషన్‌లోని విశ్వపు ముక్క) ఒక్కో వైపు దాదాపు వంద కోట్ల కాంతి సంవత్సరాలు. అందులో ఒకే ద్రవ్యరాశి ఉన్న హేలోల మధ్య గెలాక్సీలను అటూ ఇటూ మార్చేసి, అవి ఎంతగా గుమిగూడి ఉన్నాయో మళ్లీ కొలిచాం. తగ్గింది. "కోడ్‌లో ఏదో తేడా ఉంది మేడమ్" అంది మా స్టూడెంట్. కోడ్ బాగానే ఉంది. ద్రవ్యరాశి ఒక్కటే సరిపోదు. హేలో ఎప్పుడు ఏర్పడింది, దాని చుట్టూ ఎంత రద్దీ అన్నవి కూడా లెక్కలోకి వస్తాయి. దీన్నే అసెంబ్లీ బయాస్ అంటారు. పేపర్లో చదివినప్పుడు ఎక్కని విషయం సొంత గ్రాఫులో చూశాక ఆ అమ్మాయికి ఇట్టే ఎక్కింది.

నాకు అన్నిటికంటే నచ్చింది డార్క్ బాక్సులు. వాయువు, నక్షత్రాలు లేకుండా డార్క్ మ్యాటర్‌ని మాత్రమే పెట్టి, అదే ప్రారంభ స్థితి నుంచి నడిపిన జంట ప్రతి బాక్సుకీ ఉంది. ఇక్కడి హేలోకి అక్కడి జోడీని పట్టుకుని పక్కపక్కన పెట్టి చూడొచ్చు.

టీఎన్‌జీ300 పూర్తి స్నాప్‌షాట్ (ఒక్క క్షణంలో బాక్సులో ఉన్నదంతా) ఒక్కటే 4 టెరాబైట్లు దాటుతుంది, డౌన్‌లోడ్ జోలికి పోకండి. మా వీధి నెట్ సంగతి వేరే చెప్పాలా, చినుకు పడితే పోతుంది. గ్రూప్ కేటలాగులు (హేలోలు, గెలాక్సీల జాబితాలు) చాలు. లేదంటే వాళ్ల సర్వర్ మీదే, బ్రౌజర్‌లో తెరుచుకునే జూపిటర్‌ల్యాబ్‌లో కోడ్ నడుపుకోవచ్చు. కొత్తవాళ్లు చిన్నదైన టీఎన్‌జీ100-3తో మొదలుపెట్టండి.

యూనిట్లు మాత్రం విసిగిస్తాయి. ద్రవ్యరాశులు హబుల్ హెచ్‌తో (విశ్వం ఎంత వేగంగా విస్తరిస్తోందో చెప్పే సంఖ్య) కలిపి ఇస్తారు, 0.6774తో భాగించడం మరిచారా, జవాబు మూడింట రెండొంతులే వస్తుంది. సబ్‌హేలోల్లో (హేలో లోపలి చిన్న ముద్దలు) ఫ్లాగ్ సున్నా ఉన్నవాటిని తీసేయండి. అవి చాలావరకు గెలాక్సీ డిస్కులోంచి విడిపడిన ముక్కలు. ఉంచితే శాటిలైట్ల (పెద్ద గెలాక్సీ చుట్టూ తిరిగే చిన్న గెలాక్సీలు) లెక్క తప్పుతుంది.

ఇంకో మాట. సూపర్నోవా గాలులు, బ్లాక్ హోల్స్ ప్రభావం ఇందులో సర్దుబాటు చేసిన నమూనాలే. ఇక్కడ దొరికిన సంబంధాన్ని నేరుగా ఆకాశానికి అంటించకండి. ఈగిల్, సింబా అనే వేరే సిమ్యులేషన్ల డేటా కూడా ఉచితమే. వాటితో పోల్చి చూశాకే థీసిస్‌లో రాయండి.