మల్చ్‌లో పుట్టగొడుగుల కంపోస్టు: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

ఇంటి బయటి గోడకు తొడిగిన తెల్ల సైడింగ్ పలకల నిండా ఆవగింజంత నల్లమచ్చలు చూసి దిగులు పడుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. అది మల్చ్‌లో, అంటే మొక్కల మొదట్లో నేల మీద పరిచే చెక్కముక్కల పొరలో, పెరిగే ఆర్టిలరీ ఫంగస్ అనే శిలీంధ్రం పని అని మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. దాన్ని అణచడానికి మల్చ్‌లో కలిపే పుట్టగొడుగుల కంపోస్టుకు నేనైతే రుణపడి ఉన్నాను.

పెన్సిల్వేనియాలో మా ఇంటి చుట్టూ ఏటా చెక్క మల్చ్ వేయించేవాళ్లం. మచ్చలు ఎక్కువయ్యాక పవర్ వాష్ చేసే అతన్ని పిలిచాం. అన్నీ పోతాయని హామీ ఇచ్చాడు. పచ్చటి పాచి మొత్తం పోయి గోడ తళతళలాడింది గానీ, నల్లమచ్చ ఒక్కటీ కదల్లేదు. శుభ్రమైన గోడ మీద ఇంకా కొట్టొచ్చినట్టు కనిపించాయి. ప్లాస్టిక్ గరిటెతో గీకితే మచ్చ ఊడుతుంది, దాని చోట గోధుమరంగు మరక మిగులుతుంది. మచ్చను గోడకు అంటించే జిగురు అంత గట్టిది. డబ్బు పోయింది, ఇన్సూరెన్స్ వాళ్లు మాకు సంబంధం లేదన్నారు.

ఒక చల్లటి ఏప్రిల్ ఉదయం మోకాళ్ల మీద కూర్చుని, ఫోన్ కెమెరా జూమ్ చేసి చూశాను. తడి చెక్కముక్క మీద నారింజ రంగు బుల్లి గిన్నెలు, ఒక్కోదాంట్లో ఒక నల్ల ఉండ. ఆ గిన్నె లోపలి పొర ఒక్కసారిగా తిరగబడి ఉండను వెలుతురు వైపు విసురుతుంది. తెల్లగోడ, కారు దానికి వెలుతురుగానే కనిపిస్తాయి. ఐదారు మీటర్ల దూరం కూడా పోగలదట.

పెన్ స్టేట్ యూనివర్సిటీలో డొనాల్డ్ డేవిస్ ఈ ఫంగస్ మీద చాలాకాలం పనిచేశారు. మల్చ్‌లో 40 శాతం వాడేసిన పుట్టగొడుగుల కంపోస్టు కలిపితే ఇది బాగా అణుగుతుందని వాళ్ల పరీక్షల్లో తేలింది. పుట్టగొడుగుల ఫారాల్లో పంట తీసేశాక మిగిలే ఎరువే అది. పాత మల్చ్ ఎత్తించేసి, కొత్త మల్చ్‌లో అదే కలిపి వేయించాం. మరుసటి వసంతంలో ముందు గోడ మీద కొత్త మచ్చ లేదు! ఆ ఆనందం ఇప్పటికీ తగ్గలేదు.

ముందు గోడ అని ఊరికే అనలేదు. ఉత్తరం వైపు ఎప్పుడూ నీడ, తడి. అక్కడ మునుపటితో పోలిస్తే చాలా తక్కువే గానీ, అక్టోబరులో కొన్ని పడుతూనే ఉన్నాయి. వేసిన కొత్తలో వాసన భరించాలి, వర్షం పడితే మరీ. ఉప్పు, సున్నం పాళ్లు ఎక్కువ కాబట్టి అజేలియా లాంటి ఆమ్లనేల మొక్కలకు పడదు, మా అజేలియా ఆకులు అంచులు మాడిపోయాయి. ఆ మొక్కల మొదట్లో ఇప్పుడు పెద్ద పైన్ బెరడు ముక్కలు వేస్తున్నాం. పాత మచ్చలు మాత్రం గోడ మీద అలాగే ఉన్నాయి, వాటికి ఇది మందు కాదు.

మాకు కెనెట్ స్క్వేర్ దగ్గర. చుట్టూ పుట్టగొడుగుల ఫారాలే కాబట్టి కంపోస్టు చవగ్గా దొరుకుతుంది, ఏటా మళ్లీ కలపడం బరువనిపించదు. దూరం నుంచి తెప్పించుకోవాల్సి వస్తే, లేదా ఇల్లు రేపోమాపో అమ్మే ఆలోచన ఉంటే, గోడ వెంట గులకరాళ్లు పోయించడమే నయం అనుకుంటాను.