అల్యూమినియమా, మెగ్నీషియమా, టంగ్‌స్టనా: నికెల్ క్యాథోడ్‌కు ఏ తోడు మేలు?

లిథియం అయాన్ బ్యాటరీలో ధన ధ్రువమైన క్యాథోడ్‌లో నికెల్ పెంచేకొద్దీ కెపాసిటీ పెరుగుతుంది, ఆయుష్షు తరుగుతుంది. అచ్చంగా నికెల్‌తోనే చేసిన లిథియం నికెల్ ఆక్సైడ్ లెక్క ప్రకారం గ్రాముకు దాదాపు 275 మిల్లీఆంపియర్ అవర్లు ఇవ్వాలి. కాగితం మీద బాగానే ఉంటుంది. కానీ రెండు ధనావేశాల నికెల్ అయాన్ (వ్యాసార్థం 0.69 ఆంగ్‌స్ట్రామ్‌లు) సైజులో లిథియానికి (0.76) దగ్గర. సందు దొరికితే దాని చోటు కబ్జా చేస్తుంది. పైగా ఛార్జింగ్‌లో 4.2 వోల్టుల దగ్గర, లిథియం చాలావరకు ఖాళీ అయ్యాక, క్యాథోడ్‌లోని పరమాణు పొరల మధ్య ఎడం ఒక్కసారిగా కుంచించుకుపోతుంది. ఒకటి రెండు శాతం వేరే లోహం కలిపేది వీటిని అదుపు చేయడానికే.

అల్యూమినియం అందరికీ తెలిసిన దారి. ఆక్సిజన్‌ను నికెల్ కంటే గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి సెల్ వేడెక్కినా ఆక్సిజన్ అంత తేలిగ్గా బయటపడదు. నికెల్ 80, కోబాల్ట్ 15, అల్యూమినియం 5 పాళ్లలో ఉండే ఎన్‌సీఏ రకం క్యాథోడ్ ఎప్పుడో మార్కెట్‌కెక్కింది. నష్టమేమిటంటే అల్యూమినియం తన ఆవేశం మార్చుకోదు, వేసిన మేరకు కెపాసిటీ వదులుకోవాలి. ఇంకో చిక్కు: క్యాథోడ్ తయారీలో వాడే క్షార ద్రావణంలో నికెల్‌తో పాటు సమంగా అవక్షేపించదు (ఘనంగా అడుక్కి దిగదు), కొంత కరిగిపోతుంది. అందుకే చాలామంది దాన్ని పొడిగా, లిథియం హైడ్రాక్సైడ్‌తో కలిపి కొలిమిలో పెట్టేటప్పుడే వేస్తారు.

మెగ్నీషియం (0.72) లిథియం చోటులో కూర్చుని, లిథియం వెళ్లిపోయాక కూడా స్తంభంలా పొరల్ని నిలబెడుతుంది. మోతాదు మించితే ఆ స్తంభమే దారికి అడ్డం. ఫాస్ట్ ఛార్జింగ్ కావాలంటే నేనైతే దీని జోలికి పోను.

టంగ్‌స్టన్ తీరే వేరు. వందల సార్లు ఛార్జ్ చేసిన సెల్ విప్పి, మామూలు క్యాథోడ్ రేణువును అడ్డంగా కోసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే, ఎండిన చెరువు అడుగులా లోపలి నుంచి అంచుదాకా పగుళ్లు. ఆ సందుల్లోకి ఎలక్ట్రోలైట్ (సెల్‌లో అయాన్లను మోసే ద్రవం) దూరి లోపలి ముఖాల్నీ తినేస్తుంది, గోరుచుట్టు మీద రోకటిపోటు! ఒక శాతం టంగ్‌స్టన్ పడితే, కొలిమిలో రేణువులోని స్ఫటికాలు ఒకదాన్నొకటి మింగి లావెక్కవు. సన్నగానే ఉండి, కుంచించుకునే ఒత్తిడిని తలా కాస్త పంచుకుంటాయి. పొరల కుంచింపు ఆగదు, పగులు మాత్రం అంచుదాకా పాకదు. అయితే ఆరు ధనావేశాల అయాన్ కదా, ఆ అదనపు ఆవేశాన్ని సరితూచడానికి కొంత నికెల్ రెండు ధనావేశాలకు దిగుతుంది. అంటే మళ్లీ ఆ కబ్జాదారులే.

నికెల్ 80 శాతం దగ్గరైతే నా ఓటు అల్యూమినియానికే: చవక, తేలిక, చాలినంత పని. 90 దాటితే పగుళ్లే ప్రధాన శత్రువు, అక్కడ టంగ్‌స్టన్. రెండూ కలిపి వేసి గ్రాఫ్ చూపించేవాళ్లూ ఉన్నారు. విడివిడిగా వేసిన నమూనాల గీతలు పక్కన లేకపోతే ఏ లోహం ఎంత పని చేసిందో నాకైతే అంతుపట్టదు.