బ్యాక్‌ప్యాక్‌లతో వియత్నాం: ఎక్కడ ఆగాం, ఏది నచ్చింది

మ్యాప్‌లో చూస్తే వియత్నాం సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఉత్తరాన రాజధాని హనోయ్ నుంచి దక్షిణాన సైగాన్ (ఇప్పటి హో చి మిన్ సిటీ) దాకా రైలు మార్గమే 1,726 కిలోమీటర్లు. మనవాళ్లు చాలామంది పైన హనోయ్, హా లాంగ్ బే, కింద సైగాన్ చూసి, మధ్యలో డా నాంగ్‌కి ఓ ఫ్లైట్ ఎక్కి వారంలో ముగించేస్తారు. మావారూ నేనూ మాత్రం చెరో బ్యాగు వీపున వేసుకుని, ఉత్తరం నుంచి దక్షిణానికి బస్సుల్లో, రైళ్లలో దిగుతూ వెళ్లాం. ఆ దేశానికి వెళ్లేవాళ్లు ఎవరడిగినా నేను ముందు చెప్పేది ఇదే: మధ్య భాగానికి ఎక్కువ రోజులు ఉంచుకోండి, హోటళ్ల కంటే ఇంటివాళ్లు నడిపే చిన్న హోమ్‌స్టేల్లో దిగండి.

వీసా పెద్ద తలనొప్పి కాదు. ఈ-వీసా ఆన్‌లైన్‌లోనే వస్తుంది. ఒకసారి వెళ్లి రావడానికి 25 డాలర్లు. 2023 ఆగస్టు నుంచి 90 రోజుల దాకా ఇస్తున్నారు. పాస్‌పోర్టులో పేరు ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే నింపాలి. మన ఇంటిపేర్లు, అసలు పేర్లు ముందువెనకలయ్యే అలవాటు ఉంది కాబట్టి ఇక్కడ జాగ్రత్త. డబ్బు విషయంలో, డాంగ్‌లను మూడు వందలతో భాగిస్తే రూపాయల్లో దాదాపు లెక్క తేలిపోతుంది. 20 వేల నోటు, 5 లక్షల నోటు రెండూ నీలం రంగులోనే ఉంటాయి. రాత్రిపూట చీకట్లో ఇచ్చేటప్పుడు ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. వాటిని పర్సులో వేరువేరు అరల్లో పెట్టుకుంటే టెన్షన్ ఉండదు.

హనోయ్‌లో పాత బస్తీలోనే దిగాం. ఇళ్లు అక్కడ వీధివైపు ఇరుగ్గా, లోపలికి చాలా లోతుగా ఉంటాయి. అందుకే చవక గదుల్లో సగానికి కిటికీ ఉండదు. బుక్ చేసేముందు కిటికీ ఉందో లేదో అడిగి తీరాలి. ఉంటే అది వీధివైపో వెనకవైపో కూడా అడగాలి, ఎందుకంటే వీధివైపు గదిలో అర్ధరాత్రి దాకా నిద్ర పట్టదు. 1070లో కట్టిన సాహిత్య మందిరం ఊళ్లో నాకు బాగా నచ్చింది. రాజుల కాలం నాటి పెద్ద పరీక్షల్లో నెగ్గినవాళ్ల పేర్లు చెక్కిన 82 శిలాఫలకాలు తాబేళ్ల వీపుల మీద నిలబెట్టి ఉంటాయి. చదువుకి అంత గౌరవం ఇచ్చిన చోట నిలబడితే మనసు నిండుతుంది. వియత్నాం స్వాతంత్ర్య పోరాట నాయకుడు హో చి మిన్ సమాధి మందిరం పొద్దున పూటే తెరుస్తారు, సోమ, శుక్రవారాలు సెలవు. 1946లో పాలు దొరకని రోజుల్లో పుట్టిన గుడ్డు కాఫీ మావారు తాగలేదు. నాకు మాత్రం కాఫీ మీద తేలే ఆ తీపి నురగ బాగా నచ్చింది.

అక్కడి నుంచి హా జాంగ్ వెళ్లాం. బస్సులో ఆరేడు గంటలు. చైనా సరిహద్దు పక్కన సున్నపురాతి కొండల మధ్య దాదాపు 350 కిలోమీటర్ల చుట్టు దారి. అందరూ బైకుల మీదే తిరుగుతారు. మనవాళ్లకి ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. మన దేశంలో ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ 1949 నాటి ఒప్పందం కిందది. వియత్నాం గుర్తించేది 1968 ఒప్పందం కిందవి. అంటే ఆ పర్మిట్ చేతిలో ఉన్నా చట్టం ప్రకారం అక్కడ బైకు నడపడానికి పనికిరాదు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కూడా చేతులెత్తేస్తుంది. అద్దెకిచ్చేవాళ్లు ఇవేమీ అడగకుండా తాళాలు చేతిలో పెడతారు, అయినా తీసుకోవద్దు. స్థానికులే బైకు నడిపి మనల్ని వెనక కూర్చోబెట్టుకునే పద్ధతి ఉంది, దాన్ని ఈజీ రైడర్ అంటారు. మేం ఇద్దరం చెరో రైడర్ వెనక ఎక్కాం. ఖర్చు ఎక్కువే, కానీ మా పర్యటనలో పెట్టిన డబ్బులో దీనికి పెట్టినంత సార్థకం మరేదీ కాలేదు.

ఆ దారిలో ‘మా పీ లెంగ్’ అనే కనుమ దగ్గర రోడ్డు అంచున నిలబడి చూస్తే, చాలా కింద న్యో క్వే నది పచ్చగా కనిపిస్తుంది. ఆ రోడ్డును 1959 నుంచి 1965 దాకా కొండజాతుల యువకులే ఎక్కువగా చేతి పనిముట్లతో తవ్వారు. కొండ అంచున తాళ్లకు వేలాడుతూ రాయి కొట్టారని మా రైడర్ చెబుతుంటే ఇద్దరికీ మాట రాలేదు. రాత్రిళ్లు పల్లె హోమ్‌స్టేల్లో బస. చెక్క అటక మీద పరుపులు వరసగా వేసి, మధ్యలో కర్టెన్లు కడతారు. జంటలకు వేరే గది కావాలంటే ముందే చెప్పుకోవాలి, వందా రెండొందలు ఎక్కువైనా ఇవ్వడం మంచిది. రాత్రి భోజనం అందరికీ ఒకే చోట, మొక్కజొన్న సారా గ్లాసులు తిరుగుతుంటాయి. వద్దంటే బలవంతం చేయలేదు. నవంబరు దాటితే చలి ఎముకల్లోకి దిగుతుంది, స్వెట్టర్ ఒక్కటి చాలదు.

హా లాంగ్ బే గురించి క్లుప్తంగా చెప్పేస్తాను. సముద్రంలోంచి లేచిన ఆ రాళ్లు అద్భుతమే, 1994లోనే యునెస్కో జాబితాలోకి ఎక్కాయి. కానీ మేం రాత్రి బస చేసిన క్రూజ్‌లో గంటకో కార్యక్రమం, గుహ దగ్గర క్యూ, తిరిగొచ్చేసరికి గది ఖాళీ చేయమని మైకులో పిలుపు. ఫోటోల్లో చూపించిన గది ఒకటి, ఇచ్చింది మరొకటి. గొడవపడితే చివరికి కొంత డబ్బు వెనక్కిచ్చారు. అదే డబ్బుతో కాట్ బా దీవిలో రెండు రాత్రులుండి, అక్కడి నుంచి లాన్ హా బేలో పగటి పడవ ఎక్కితే చాలా హాయి.

నిన్ బిన్ అలా కాదు. అవే సున్నపురాతి కొండలు, సముద్రానికి బదులు వరిచేలు, వాగులు. హనోయ్ నుంచి రెండు గంటల దారి. ట్రాంగ్ ఆన్‌లో నలుగురికో పడవ, తెడ్డు వేసేది ఎక్కువగా ఆ ఊరి ఆడవాళ్లే. కొండల కిందున్న గుహల్లోంచి పడవ దూరి వెళ్తుంటే తల వంచాలి, ఒక్కోచోట పూర్తిగా ఒంగి కూర్చోవాలి. మూడు గంటలు ఆవిడ అలసట లేకుండా తెడ్డేస్తూనే ఉంది. దిగేటప్పుడు టిప్పు ఆవిడ అడగలేదు, మేమే ఇచ్చాం. టామ్ కోక్‌లో కాళ్లతో తెడ్డు వేయడం చూడముచ్చటగా ఉంటుంది కానీ, అక్కడ మధ్యలో పడవ ఆపి వస్తువులు కొనమనడం ఎక్కువ. రెండింట్లో ఒకటే చూడగలిగితే ట్రాంగ్ ఆన్ చూడండి. మువా గుహ పక్క కొండకి దాదాపు 500 మెట్లు. తెల్లవారగానే ఎక్కితే ఎండ ఉండదు, జనం ఉండరు. మేం ఉన్న హోమ్‌స్టే వరిచేల మధ్యలో ఉంది. గదికి రోజుకి 1,500 రూపాయల లోపే, పొద్దున టిఫిన్, సైకిళ్లు కలిపి.

ఇప్పుడు రాత్రి ప్రయాణాల సంగతి. స్లీపర్ బస్సులో మూడు వరసలు, పైనా కిందా బెర్తులు. చెప్పులు ఎక్కేటప్పుడే విప్పి సంచిలో పెట్టాలి. కాళ్లు ముందు బెర్తు కింద పెట్టెలాంటి దానిలోకి చాపాలి. ఐదడుగుల ఎనిమిది అంగుళాలు దాటినవాళ్లకి నరకం. మావారు ఆరడుగులు, ఆ రాత్రంతా కూర్చునే ఉన్నారు. పైగా తెల్లవారుజామున నాలుగింటికి దించేస్తారు. కర్టెన్లున్న క్యాబిన్ బస్సులు కొంత నయం. రైల్లో నాలుగు బెర్తుల సాఫ్ట్ స్లీపర్ మాత్రం మన సెకండ్ ఏసీకి దగ్గరగా ఉంటుంది. హనోయ్ నుంచి హుయేకి రాత్రంతా అందులోనే వెళ్లాం. తర్వాత హుయే నుంచి డా నాంగ్‌కి పగటి రైలే ఎక్కాలి. హై వాన్ కనుమ దగ్గర పట్టాలు కొండ అంచున సముద్రం పక్కనే వంకర్లు తిరుగుతాయి. వెళ్లేటప్పుడు ఎడమవైపు సీటు అడగండి.

హుయే 1802 నుంచి 1945 దాకా న్గుయెన్ రాజుల రాజధాని. అమెరికాతో యుద్ధం జరుగుతున్నప్పుడు, 1968లో, కోటలో చాలా భాగం నేలమట్టమైంది. ఒకప్పుడు భవనాలున్న చోట ఇప్పుడు గడ్డి మైదానాలు. 2024 నవంబరులో తిరిగి తెరిచిన సింహాసన మందిరం ఎర్ర లక్క, బంగారు పూతతో మెరుస్తోంది. థియెన్ ము పగోడాలో ఒక పాత నీలం కారు ఉంటుంది. బౌద్ధుల అణచివేతకు నిరసనగా 1963 జూన్‌లో సైగాన్ నడివీధిలో ఆత్మాహుతి చేసుకున్న బౌద్ధ భిక్షువు థిక్ క్వాంగ్ డుక్ ఆ కారులోనే వెళ్లారు. చాలామంది నది వైపు ఫోటోలు తీసుకుని వెళ్లిపోతున్నారు. ఆ కారు దగ్గర కాసేపైనా నిలబడాలి.

తిండి గురించి కూడా హుయేలోనే చెప్పాలి. మావారు పూర్తి శాకాహారి. బౌద్ధం బలంగా ఉన్న ఈ ఊళ్లో ఆయన కడుపునిండా తిన్నారు. బోర్డు మీద ‘చాయ్’ (chay) అని ఉంటే అది శాకాహార హోటల్. అక్కడ టీ దొరుకుతుందనుకోవద్దు. చాంద్రమాన నెల మొదటి రోజున, పౌర్ణమి రోజున చాలామంది మాంసం మానేస్తారు కాబట్టి ఆ రెండు రోజులూ మామూలు హోటళ్లలో కూడా దొరుకుతుంది. అసలు సమస్య చేపల సాస్‌తో. కూరగాయల వేపుడు అని చెప్పినా అది పడిపోతుంది. ‘చాయ్’ అని ఫోన్లో రాసి చూపించి, చేపల సాస్ వద్దని విడిగా చెప్పాలి.

డా నాంగ్ పక్కనున్న పాత రేవు ఊరు హోయ్ ఆన్‌కి అందరూ లాంతర్ల కోసం వెళ్తారు. సాయంత్రం ఆరు దాటాక నడవడానికి చోటుండదు, దర్జీ షాపులవాళ్లు చేయి పట్టుకోవడమొక్కటే తక్కువ. పొద్దున ఆరింటికి అదే వీధుల్లో పసుపు గోడలు, పాత చెక్క తలుపులు, పూలు అమ్ముకునే ముసలమ్మలు తప్ప ఎవరూ ఉండరు. అప్పుడే చూడాలి. బస పాత ఊళ్లో కంటే చేల వైపున్న కామ్ థాన్‌లో తీసుకుంటే ప్రశాంతంగా ఉంటుంది.

ఇక్కడి నుంచి 40 కిలోమీటర్ల దూరంలో ఉంది ‘మీ సన్’ (My Son) అనే పాత గుళ్ల లోయ. ఈ ప్రయాణంలో నేను మళ్లీ వెళ్లాలనుకునేది అక్కడికే. ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన చామ్ జాతివాళ్ల రాజ్యం చంపా. నాలుగో శతాబ్దం చివర్లో చంపా రాజు భద్రవర్మ ఇక్కడ భద్రేశ్వరుడి పేర శివాలయం కట్టించాడు. తర్వాత వందల ఏళ్లు రాజులు ఆ లోయలో గుళ్లు కడుతూనే ఉన్నారు. సంస్కృత శాసనాలు వేయించారు. చంపాలో ఈ ప్రాంతాన్ని అమరావతి అనేవారు. మాది గుంటూరు వైపు, కృష్ణ ఒడ్డున అమరేశ్వరుడి గుడి చూస్తూ పెరిగినదాన్ని. అంత దూరంలో, వెదురు పొదల మధ్య ఇటుక గోపురం కింద పానవట్టం చూసేసరికి కళ్లు చెమర్చాయి. సున్నం కనిపించకుండా ఇటుకను ఇటుకకు ఎలా అతికించారన్నది ఇప్పటికీ చర్చే. 1969లో అమెరికన్ బాంబులకు వీటిలో అతి పెద్ద గోపురం కూలిపోయింది. బాంబులు పడిన గుంటలు గడ్డి మధ్య ఇంకా ఉన్నాయి. మన పురావస్తు శాఖవాళ్లు 2017 నుంచి ఇక్కడ కొన్ని గుళ్లను బాగుచేశారు. 2020లో ఆ పనిలోనే తొమ్మిదో శతాబ్దపు ఏకశిలా శివలింగం బయటపడింది. టూర్ బస్సులు తొమ్మిదికి వస్తాయి. మేం బండి మాట్లాడుకుని ఆరున్నరకే చేరుకున్నాం. ఖర్చు రెట్టింపైనా అలాగే వెళ్లమంటాను. డా నాంగ్‌లో 1919లో తెరిచిన చామ్ శిల్పాల మ్యూజియం ముందు చూసి మీ సన్ వెళ్తే ఇంకా బాగా అర్థమవుతుంది. అయితే అక్టోబరు, నవంబరు నెలల్లో ఈ మధ్య ప్రాంతమంతా వానలు, వరదలు. ఫిబ్రవరి నుంచి మే దాకా మేలు.

సైగాన్‌లో యుద్ధ అవశేషాల మ్యూజియం చూడకుండా రావద్దు. యుద్ధంలో అమెరికా చల్లిన విష రసాయనం ఏజెంట్ ఆరెంజ్ బాధితుల ఫోటోలున్న గది నుంచి నేను మధ్యలోనే బయటికొచ్చేశాను. ఆ మ్యూజియాన్ని, యుద్ధంలో గెరిల్లాలు దాక్కున్న కు చి సొరంగాల్ని ఒకే రోజు పెట్టుకోవద్దు. బెన్ థాన్ మార్కెట్ దగ్గర్లో తమిళులు కట్టిన మారియమ్మన్ గుడి ఉంది. వియత్నాం వాళ్లే ఎక్కువగా వచ్చి అగరొత్తులు వెలిగించి, గోడకు నుదురు ఆనించి మొక్కుకుంటున్నారు.

చివరగా మెకాంగ్ డెల్టాలో కాన్ తో. సైగాన్ నుంచి బస్సులో నాలుగు గంటలు. రోడ్లు వచ్చాక కై రాంగ్ తేలే మార్కెట్ బాగా పలచబడింది, ఫోటోల్లో చూసినన్ని పడవలు ఆశించవద్దు. పొద్దున ఐదున్నరకి చిన్న పడవ మాట్లాడుకుని వెళ్లి, అక్కడ ఎక్కువసేపు ఉండకుండా పక్క కాలువల్లోకి తిప్పమని అడగాలి. బియ్యప్పిండి పలచగా పోసి, ఆవిరి మీద ఉడికించి, తడకల మీద ఎండబెట్టి నూడిల్స్ కోసే ఇళ్లు అక్కడే ఉంటాయి. కొబ్బరిచెట్లు, అరటి తోటలు చూస్తే కోనసీమలో ఉన్నట్టే అనిపించింది. సైగాన్ నుంచి ఒక్కరోజు టూర్‌లో ఇవేవీ చూపించరు. కాలువ ఒడ్డు హోమ్‌స్టేలో రెండు రాత్రులైనా ఉండాలి. దోమతెర ఉందో లేదో మాత్రం ముందే అడగండి.