రాగి బ్లాకుకి అల్యూమినియం రేడియేటర్: మూడేళ్ళు వాడిన కిట్ గురించి

కంప్యూటర్ ప్రాసెసర్‌ని నీళ్ళతో చల్లబరిచే ఈ వాటర్ కూలింగ్ కిట్ కొన్న కొత్తలో అయిదుకి అయిదు నక్షత్రాలిచ్చి, కళ్ళు మూసుకుని కొనుక్కోవచ్చని రాశాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. అది రెండు వారాలు వాడి రాసింది. ఇది మూడేళ్ళ మీద ఒక నెల వాడి, బ్లాకు విప్పి, పంపు విప్పి, రేడియేటర్‌ని రంపంతో కోసి చూశాక రాస్తున్నది.

నాది త్రీడీ యానిమేషన్ పని. రాత్రి రెండర్, అంటే బొమ్మల్ని కంప్యూటర్ ఒక్కో ఫ్రేముగా తయారుచేసే పని, పెట్టి పడుకుంటే తెల్లారేసరికి ఫ్రేములు సిద్ధంగా ఉండాలి. ప్రాసెసర్ ఎనిమిది గంటలు, ఒక్కోసారి పది గంటలు ఏకబిగిన పూర్తి లోడ్ మీద నడుస్తుంది. మెషీను పక్క గదిలోనే ఉంటుంది కాబట్టి ఫ్యాన్ల హోరు తట్టుకోలేక నీళ్ళకి మారాను. కిట్‌లో ప్రాసెసర్ మీద కూర్చుని దాని వేడిని నీళ్ళకిచ్చే రాగి బ్లాకు, ఆ నీళ్ళని చల్లార్చే 360 మిల్లీమీటర్ల రేడియేటర్, మూడు ఫ్యాన్లు, ట్యాంకుతో కలిసిన పంపు, మెత్తటి పారదర్శకమైన పీవీసీ ట్యూబు, సీసాలో ట్యూబుల్లో తిరగాల్సిన నీలం రంగు ద్రవం, అదే కూలెంట్, వచ్చాయి. బిగించింది మా తమ్ముడు. మొదటి ఏడాది రెండర్‌లో 68 డిగ్రీలు దాటలేదు. చప్పుడే లేదు. ఏ వస్తువు కొన్నా అంత సంతోషపడలేదు నేను.

తర్వాత జరిగిందంతా మెల్లగా జరిగింది. నెలకి ఒక డిగ్రీ పెరిగితే ఎవరికి తెలుస్తుంది? 68 కాస్తా 74 అయితే ఎండాకాలం కదా అనుకున్నాను. 80 దాటితే సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ బరువేమో అనుకున్నాను. మూడో ఏడు చివర ఒకరోజు పొద్దున్నే లేచి చూస్తే, రాత్రి పెట్టిన 70 ఫ్రేముల్లో 44 మాత్రమే అయ్యాయి. ఏడు నిమిషాల్లో అయ్యే ఫ్రేముకి పదకొండు నిమిషాలు పడుతోంది. ప్రాసెసర్ 95 డిగ్రీల దగ్గర ఆగి, తన వేగం తానే తగ్గించుకుంటోంది.

ముందు చిప్పుకీ బ్లాకుకీ మధ్య పూసే థర్మల్ పేస్టుని అనుమానించాను. తుడిచి కొత్తది రాస్తే రెండు డిగ్రీలు తగ్గింది. ఫ్యాన్ల దుమ్ము దులిపితే ఇంకొకటి. అప్పుడు తమ్ముడు ఫోన్‌లో అన్నాడు, "అక్కా, రెండర్ నడుస్తుండగా రెండు ట్యూబులనీ రెండు చేతులతో పట్టుకుని చూడు" అని. పట్టుకున్నాను. బ్లాకులోకి వెళ్ళే ట్యూబు చల్లగా ఉంది. బయటికొచ్చేది వెచ్చగా ఉంది. నీళ్ళు సరిగ్గా తిరుగుతుంటే ఆ రెండింటికీ తేడా ఒకటి రెండు డిగ్రీలే ఉంటుంది, చేతికి తెలియనే తెలియదు. నాకు స్పష్టంగా తెలిసింది. పంపు చప్పుడు మామూలుగానే ఉంది, నీళ్ళు మాత్రం ఈడ్చుకుంటూ పోతున్నాయి. ఏ సాఫ్ట్‌వేరూ చెప్పని సంగతి చేతులు చెప్పాయి.

ఆ ఆదివారం వాడు వచ్చాక నీళ్ళు వంచేశాం. నీలం రంగు పేరుకైనా లేదు. సున్నం కలిపినట్టు తెల్లగా, నిలవ నీటి వాసనతో ఉన్నాయి. బ్లాకుకి ఆరు స్క్రూలు. విప్పి పైమూత లేపితే కింద రాగి పలక మీద దువ్వెన పళ్ళలాంటి సన్నటి గాళ్ళు ఉంటాయి, ఒక్కోదాని వెడల్పు అర మిల్లీమీటరు కూడా ఉండదు. చిప్పు వేడి నీళ్ళలోకి దిగేది అక్కడే. ఆ గాళ్ళ నిండా తెల్లటి జిగురు. నీళ్ళు పైనుంచి వచ్చి పడే నడిమధ్యన మరీ దట్టంగా పేరుకుంది. అంచుల్లో అక్కడక్కడ ఆకుపచ్చ పొక్కులు. టార్చి కొట్టి లెక్కపెట్టాను. మధ్య భాగంలో వెలుగు అడుగుదాకా దిగిన గాళ్ళు తొమ్మిదంటే తొమ్మిది.

టూత్‌పిక్‌తో చిన్న ముద్ద తీసి సీసా మూతలో వేసి, దాని మీద వెనిగర్ పోశాను. అరగంటకి చాలావరకు కరిగిపోయింది, అడుగున వేలికి అంటుకునే సన్నటి పొర మిగిలింది. ఆ పొర వెనిగర్‌కి లొంగలేదు, సబ్బు కలిపిన వేడినీళ్ళకి లొంగింది. అంటే అక్కడ రెండు రకాల మురికి ఉంది. జిడ్డుది పీవీసీ ట్యూబులోంచి వచ్చింది. ఆ ట్యూబుని మెత్తగా ఉంచడానికి కలిపే ప్లాస్టిసైజర్ వేడికి మెల్లమెల్లగా నీళ్ళలోకి ఊరుతుంది. కొత్తలో అద్దంలా ఉన్న ట్యూబు పాలిపోయి గట్టిపడిందంటే అందుకే. కరిగింది మాత్రం అల్యూమినియం హైడ్రాక్సైడ్.

అల్యూమినియం ఎక్కణ్ణుంచి వచ్చింది? బ్లాకు రాగి, ఫిట్టింగులు ఇత్తడి. తమ్ముడు ఏమీ మాట్లాడకుండా స్క్రూడ్రైవర్ తీసుకుని రేడియేటర్ మూతి లోపల, మర ఉన్న చోట గీశాడు. ఇత్తడి అయితే పసుపుగా మెరవాలి. తెల్లగా మెరిసింది.

నా కోపమంతా ఇక్కడే. డబ్బా మీద "స్వచ్ఛమైన రాగి బ్లాకు" అని పెద్ద అక్షరాలతో ఉంది. రేడియేటర్ దేనితో చేశారో డబ్బా మీద లేదు, కిట్‌తో ఇచ్చిన పుస్తకంలో లేదు, అమ్మకం పేజీలో లేదు. నల్ల రంగు వేస్తే ఏ లోహమైనా ఒకేలా కనిపిస్తుంది. పైగా "మెయింటెనెన్స్ అక్కర్లేదు" అని రాశారు. పుస్తకంలో కూలెంట్ గురించి ఉన్నది ఒకే ఒక్క వాక్యం, మట్టం తగ్గితే నింపుకోమని.

రాగినీ అల్యూమినియాన్నీ ఒకే నీళ్ళలో పెడితే ఏమవుతుందో బళ్ళో చదువుకున్నదే. లోహం ఎంత తేలిగ్గా కరుగుతుందో చెప్పే కొలత, ప్రామాణిక ఎలక్ట్రోడ్ పొటెన్షియల్, రాగికి +0.34 వోల్టులు, అల్యూమినియానికి -1.66 వోల్టులు. ఆ తేడాతోనే అది బ్యాటరీలా పనిచేస్తుంది, అందులో దెబ్బ తినేది ఎప్పుడూ అల్యూమినియమే. రెండూ ఒకదాన్నొకటి తాకడం లేదు కదా, మధ్యలో ప్లాస్టిక్ ట్యూబు ఉంది కదా అని నేనూ అడిగాను. తాకనక్కర్లేదు. బ్లాకులోంచి కాస్త కాస్త రాగి అయాన్లుగా నీళ్ళలో కలుస్తుంది. అవి వెళ్ళి రేడియేటర్ గోడ మీద కణాలుగా పేరుకుంటాయి. ఒక్కో కణం చుట్టూ అల్యూమినియం గుంట పడుతుంది. కరిగిన అల్యూమినియం తెల్లటి జిగురై నీళ్ళతో కొట్టుకొచ్చి, అన్నిటికంటే ఇరుకైన దారిలో, అంటే బ్లాకు గాళ్ళలో ఇరుక్కుంటుంది. రేడియేటర్ తిన్న దెబ్బ ప్రాసెసర్ దగ్గర బయటపడింది.

కారులో అల్యూమినియం ఉంటుంది, ఇనుము ఉంటుంది, అయినా ఏళ్ళ తరబడి నడుస్తాయి కదా అని కొందరు వాదిస్తారు. నిజమే. అక్కడ కూలెంట్‌లో తుప్పుని ఆపే రసాయనాలు గట్టిగా కలుపుతారు, అవి అయిపోతాయి కాబట్టి గడువు పెట్టి మార్చమంటారు. ఈ కిట్‌లోని నీలం ద్రవంలో కూడా అలాంటివేవో ఉండే ఉంటాయి, మొదటి ఏడాది బాగా నడిచింది మరి. మార్చే గడువు వాళ్ళు చెప్పలేదు, నేను వెతుక్కోలేదు.

నా వంతు తప్పు కూడా రాయాలి, లేకపోతే ఈ రివ్యూ నిజాయితీగా ఉండదు. మూడేళ్ళలో ఒక్కసారి కూడా నీళ్ళు మార్చలేదు. ట్యూబు గోడల్లోంచి ఏడాదికి కొంచెం కొంచెం నీరు ఆవిరై పోతుంది. మట్టం తగ్గినప్పుడల్లా డిస్టిల్డ్ వాటర్ తెచ్చే ఓపిక లేక ఇంట్లో ఫిల్టర్ నీళ్ళు పోశాను. ఫిల్టర్ నీళ్ళలో లవణాలు తగ్గుతాయి తప్ప పూర్తిగా పోవు. మిగిలిన లవణాల్లోని క్లోరైడ్ అల్యూమినియం మీద సహజంగా ఉండే రక్షణ పొరని ఛేదిస్తుంది. రేడియేటర్‌ని తుప్పు తినేయడాన్ని అలా నేనే తొందరపెట్టాను.

కోసి చూసినప్పుడు గుండె జారింది. లోపలి చదును గొట్టాల గోడలు సూదితో పొడిచినట్టు గుంటలు గుంటలుగా ఉన్నాయి. ఒక మూలన గుంట పైదాకా వచ్చేసింది, బయట రంగు కింద తెల్లటి పొడి ఉంగరంలా కట్టింది. సరిగ్గా దాని కిందే గ్రాఫిక్స్ కార్డు ఉంది. కొత్త డిస్టిల్డ్ వాటర్‌లో కరెంటు పెద్దగా పారదు గానీ, మూడేళ్ళు లోహాలు కలిసిన నీళ్ళలో బాగానే పారుతుంది. ఒక్క చుక్క చాలు.

పంపు సంగతి వేరు. డి5 రకం, నిమిషానికి గరిష్ఠంగా 4,800 చుట్లు. లోపలి రోటర్ చిన్న సెరామిక్ గుండు మీద తిరుగుతుంది, దానికి తడిపే నూనె అంటూ లేదు, నీళ్ళే నూనె. విప్పితే రోటర్ వేళ్ళతోనే ఊడొచ్చింది. జిగురు తుడిచేస్తే గుండు మీద గీత లేదు. ఇంత మురికిలో మూడేళ్ళు తిరిగిన పంపుకి నిజంగా దణ్ణం పెట్టాలి. ఫ్యాన్లు సరే, చెప్పుకోవడానికేం లేదు.

బ్లాకుని బతికించుకున్నాం. రాగికి నికెల్ పూత లేదు కాబట్టి నీళ్ళు కలిపిన వెనిగర్‌లో కాసేపు ఉంచి, మెత్తటి టూత్‌బ్రష్‌తో గాళ్ళ వెంబడే రుద్ది, సబ్బునీళ్ళతో కడిగి, చివర డిస్టిల్డ్ వాటర్‌తో జాడించాం. అడ్డంగా రుద్దితే గాళ్ళ మధ్య సన్నటి గోడలు వంగిపోతాయి, జాగ్రత్త. పైమూత ఆక్రిలిక్, దాన్ని స్పిరిట్‌తో తుడవకూడదు, వెంట్రుకల్లాంటి పగుళ్ళు వస్తాయి. రాగి నల్లబడితే మాత్రం భయపడనక్కర్లేదు, ఆ నలుపు ఏమీ చేయదు.

రేడియేటర్ వేరే కొన్నాను, గొట్టాలు ఇత్తడి, రెక్కలు రాగి. కొత్త రేడియేటర్‌లో కూడా టంకం వేసినప్పటి మడ్డి ఉంటుంది, అందుకని వేడి డిస్టిల్డ్ వాటర్ పోసి, ఊపి, తెల్లటి బకెట్‌లో వంపాం. నాలుగోసారికి గానీ నలకలు ఆగలేదు. ట్యూబు కూడా మార్చి నల్లటి ఈపీడీఎం రబ్బరుది వేశాం. లోపల నీళ్ళు పారడం కనిపించదు, అందం తగ్గింది, కానీ పీవీసీలో ఊరినంతగా దానిలో ఊరదు. కూలెంట్ ఏడాదికోసారి మార్చాలి కాబట్టి నింపిన తేదీ టేపు మీద రాసి ట్యాంకుకి అంటించాను. ఇప్పుడు అదే రెండర్‌లో 66 డిగ్రీలు. ఫ్రేముకి మళ్ళీ ఏడు నిమిషాలు.

కిట్‌కి అయిదులో రెండు నక్షత్రాలు ఇస్తున్నాను, ఆ రెండూ పంపువే. రేడియేటర్ ఏ లోహమో డబ్బా మీద రాసేదాకా ఎవరినీ కొనమని చెప్పను. రాగి బ్లాకు ఇస్తున్నామని గొప్పగా చెప్పుకునే తయారీదారు, దాని పక్కన ఏం పెట్టాడో చెప్పాలి.

ఇప్పటికే కొన్నవాళ్ళు ఇవాళే చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. ట్యాంకు వెనక టార్చి పెట్టి చూడండి, నీళ్ళు మసకగా ఉంటే ఇక ఆగకండి. లోడ్‌లో ఉండగా ట్యూబులు రెండూ పట్టుకుని చూడండి. పాత నీళ్ళ మీద కొత్త కూలెంట్ పోయకండి, మొత్తం వంచేసి కడిగాకే నింపండి. నింపేటప్పుడు పంపు వట్టిగా తిరగనివ్వకండి. ముఖ్యంగా రేడియేటర్ మూలలు, కింది అంచు వేలితో తడిమి చూడండి. తెల్లటి పొడి వేలికి అంటుకుంటే ఆ రాత్రికి రెండర్ పెట్టకండి.