నీళ్ళు తాగిన పెళ్ళి క్యాసెట్టు

పాత వీడియో క్యాసెట్లను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే చోటు తిరుపతిలో ఎక్కడుందని ఇప్పటికి నలుగురు అడిగారు. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నా. గాంధీ రోడ్డు నుంచి లోపలికి పోయే ఒక సందు, కింద జిరాక్సు అంగడి, పక్కనే ఇరుకు మెట్లు, మొదటి అంతస్తు. బోర్డు లేదు. జిరాక్సు అబ్బాయిని "క్యాసెట్ల తమ్ముడు ఉన్నాడా" అని అడిగితే తల ఎత్తకుండానే పైకి చెయ్యి చూపిస్తాడు. బండి మాత్రం సందులో పెట్టకండి, తిట్లు తినాల్సి వస్తుంది.

నా క్యాసెట్టు 1993 నాటి పెళ్ళిది. స్టిక్కరు మీద "తిరుపతి, చిత్తూరు జిల్లా" అని ఉంటుంది. 2022లో తిరుపతే ఒక జిల్లా అయిపోయింది, స్టిక్కరు మాత్రం పాత జిల్లాలోనే ఉండిపోయింది. 2021 నవంబరు వానల గురించి ఈ ఊరి వాళ్ళకు చెప్పక్కర్లేదు. కపిలతీర్థంలో నీళ్ళు ఎర్రగా విరుచుకుపడుతున్న వీడియోలు అందరి ఫోన్లలోనూ తిరిగాయి. ఆ రాత్రి మా కొర్లగుంట ఇంట్లోకి మోకాళ్ళ పైకి బురదనీళ్ళు వచ్చాయి. బీరువా కింది అరలో ఉన్నవన్నీ మునిగాయి. పాప సర్టిఫికెట్లు, నాయన పెన్షన్ పుస్తకం, ఈ క్యాసెట్టు. మూడో రోజు ఎండ రాగానే అన్నిటినీ మిద్దె మీద పరిచాను. టేపును అట్లా ఎండలో పెట్టకూడదని మూడేళ్ళ తర్వాత ఈ తమ్ముడు చెబితే తెలిసింది. వేడికి టేపు వంకర పోతుందట. నీడలో ఆరనివ్వాలట.

దానికి ముందు ఇంకో స్టూడియోకి పోయాను, పేరు వద్దు. అతను చూడనైనా చూడకుండా క్యాసెట్టును మిషన్‌లోకి తోశాడు. కరకరమని నమిలింది. "పోయింది ఆంటీ ఇది" అని, ఇరుక్కున్న టేపును వేలికి చుట్టుకుని లాగి నా చేతిలో పెట్టాడు. రెండడుగుల టేపు నలిగి కాఫీ ఫిల్టరులో మిగిలిన పొడిలా ముద్దయింది.

ఈ తమ్ముడు మిషన్ దగ్గరికే పోలేదు. కిటికీ దగ్గర నిలబడి క్యాసెట్టును వెలుగుకు పెట్టి, టేపు చుట్ట అంచున తెల్లటి పొడి చూపించాడు. "బూజక్కా. ఇట్లాగే వేస్తే నా మిషన్‌కు అంటుకుంటుంది, రేపు ఇంకొకరి క్యాసెట్టుకూ ఎక్కుతుంది." అడుగున ఉన్న ఐదు స్క్రూలు విప్పి, బురద పట్టిన పెట్టెను పక్కన పడేసి, చుట్టలు రెండింటినీ ఇంకో ఖాళీ పెట్టెలోకి మార్చాడు. నలిగిన ముక్క కత్తిరించి అతుకు వేశాడు. టేపు సెకనుకు రెండు సెంటీమీటర్ల పైచిలుకు నడుస్తుందట. రెండడుగులంటే ఇరవై ఆరు సెకన్లు. ఆ ఇరవై ఆరు సెకన్లలో ఎవరు పోయారోనని నాకు గుండె దడ. నయం, పోయింది టైటిల్సు. గులాబీ పువ్వులో మా ఇద్దరి మొహాలు గిరగిరా తిరిగే ముక్క.

అతని దగ్గర రెండు వీసీఆర్లు ఉన్నాయి, రెండూ సెకండ్‌హ్యాండే. కొత్తవి దొరకవు. జపాన్‌లో ఫునాయ్ అనే కంపెనీ చివరిదాకా తయారు చేసి 2016లో ఆపేసింది. అందుకే రెండో మిషన్‌ను విడిభాగాల కోసం పెట్టుకున్నాడు. మూడు గంటల క్యాసెట్టు ఎక్కాలంటే మూడు గంటలూ ఆడాల్సిందే, తొందరపెట్టి లాభం లేదు. కూర్చుంటానంటే స్టూలు ఇస్తాడు. కింద నుంచి టీ తెప్పించుకోవచ్చు, అంత బాగుండదు.

నాకు కావాల్సింది మా నాయన. కొండకు పోయే బస్సు నడిపేవాడు. 2006లో పోయాడు. ఫోటోలు ఉన్నాయి గానీ, నాయన కదిలేది, నడిచేది ఈ క్యాసెట్టులో మాత్రమే. పెళ్ళికొడుకు నాకు అక్కర్లేదు. 2009లో బదిలీ అని బెంగళూరు పోయిన మనిషి, అక్కడ ఇంకో కాపురం పెట్టాడు. గ్యాస్ బుక్కులో ఇంకొకామె పేరు చూసి తెలుసుకున్నా. నాయనకు ఆ సంగతి తెలియకుండానే అయిపోయింది, అంతవరకు అదృష్టం. తమ్ముడితో చెప్పా, "పెళ్ళికొడుకు ఉన్నచోటల్లా కోసేసి మిగతాది ఇవ్వు" అని. నవ్వలేదు. చూద్దాం అక్కా అన్నాడు.

దాదాపు నలభై నిమిషాల తర్వాత వచ్చింది. నాయన వంగి, ఇత్తడి పళ్ళెంలో ఆయన కాళ్ళు కడుగుతున్నాడు. చెంబుతో నీళ్ళు పోస్తున్నది అమ్మ. స్టీరింగ్ తిప్పి తిప్పి కాయలు కాసిన చేతులు. కుడికాలు బొటనవేలి దగ్గర పసుపు పోలేదని నాయన మళ్ళీ వెనక్కి వచ్చి రుద్దాడు. అప్పట్లో పెళ్ళి వీడియోల మీద సినిమా పాటలు పెట్టేవాళ్ళు కదా, సరిగ్గా అక్కడ ఒక పాట అయిపోయి రెండోది అందుకునే లోపల నాలుగైదు సెకన్లు మామూలు శబ్దం ఉండిపోయింది. మేళం, ఎవరో పిల్లాడి ఏడుపు, నాయన గొంతు. "లైటు పక్కకు తియ్యప్పా, కండ్లు మండతా ఉండాయి." అంతే, మళ్ళీ పాట.

తమ్ముడు ఆపాడు. "ఎక్కడ కొయ్యమంటావక్కా?"

ఏమీ కొయ్యొద్దన్నా.

తప్పులు కూడా చెప్పాలి. మొదట ఇచ్చిన ఫైలులో బొమ్మను కొత్త టీవీ నిండా సాగదీశాడు. నాయన బొద్దుగా కనిపించాడు. ఆయన బతికినన్నాళ్ళు ఎముకల గూడే. తిరిగి పోయి చెబితే ఒక్క పైసా అడక్కుండా పాత కొలతల్లోనే, రెండు పక్కలా నల్ల పట్టీలతో చేసి ఇచ్చాడు. రెండోది, చెప్పిన రోజుకు ఇవ్వడు. బుధవారం అంటే శనివారం అనుకోండి. క్యాసెట్టుకు నాలుగొందలు, బూజు తుడిచినందుకు ఇంకో ఆరొందలు. ఐదుకు నాలుగు చుక్కలు.

ఇంతటితో ఆపేసేదాన్నే. రెండు వారాలకు పాపకు వాళ్ళ నాన్న ఫోన్ చేశాడు. వాళ్ళమ్మ పోయినేడు చనిపోయిందట. ఆమె కదిలే బొమ్మ వాళ్ళ దగ్గర ఎక్కడా లేదట. నేను క్యాసెట్టు బాగు చేయించానని ఎవరో చెప్పారట, ఒక కాపీ కావాలి, ఎంతైనా పంపిస్తానన్నాడట. డబ్బులొద్దు అని చెప్పించా. పోయేటప్పుడు సూట్‌కేసులో పెట్టుకుపోయిన పెళ్ళి ఆల్బం ఇమ్మన్నా. మమ్మల్ని వదిలేసి పోతూ పెళ్ళి ఆల్బం ఎందుకు పట్టుకుపోయాడో ఆ గోవిందుడికే తెలియాలి. అమ్మా నాయనా పక్కపక్కన నిలబడి తీయించుకున్న ఫోటో ఒక్కటే ఒక్కటి, అది అందులోనే ఉంది.

మొహమొహాలు చూసుకోకుండా షాపులోనే ఇచ్చిపుచ్చుకునేట్టు పాప మాట్లాడింది. తమ్ముడు సరేనన్నాడు, దానికి ఛార్జీ తీసుకోలేదు. ఆదివారం పొద్దున ఆల్బం పెట్టిపోయాడు. నేను పదకొండుకు పోయి ఒక్కో పేజీ తిప్పి చూసుకున్నా. అమ్మా నాయనల ఫోటో ఉంది. మూల కొంచెం చెదలు కొట్టింది.

ఆయన కాపీలో అత్తమ్మ ఉన్న చోటల్లా అట్లాగే ఉంచమన్నా. ఆమె నాకేమీ అన్యాయం చేయలేదు, ఆ గొడవల్లో కూడా పాపకు ఏటా పండక్కి గుడ్డలు పంపింది. కాళ్ళు కడిగే ముక్క మాత్రం తీసెయ్యమన్నా. మూడు నిమిషాల పది సెకన్లు. ఎడిటింగుకు ఇంకో మూడొందలు అన్నాడు తమ్ముడు. బేరం ఆడలేదు.