కావేరి ఒడ్డున శాంతివనం, వాగమన్ కొండల్లో కురిసుమల: మౌన ప్రార్థన కోసం వెళ్లాలనుకునేవారికి

మన సంఘాల్లో ప్రార్థన అంటే నోరారా చేసేదే. ఉపవాస కూటమైనా, రాత్రంతా సాగే ఆరాధనైనా మైకు ఉండి తీరాలి. ఆ ప్రార్థనల్లోనే పెరిగాను, వాటి బలం నాకు తెలుసు. దేవదాసు అయ్యగారు 1938లో ప్రారంభించిన బైబిలు మిషనులో దేవుని సన్నిధిలో మౌనంగా కనిపెట్టే అలవాటు ఉంది. గుంటూరు వైపు లూథరన్ కుటుంబమైన మాకు అది లేదు. ‘ఊరకుండుడి, నేనే దేవుడనని తెలిసికొనుడి’ అనే వాక్యం చిన్నప్పుడే కంఠతా వచ్చింది గానీ, ఊరకుండడం మాత్రం రాలేదు. అది నేర్చుకోవాలనే అత్తయ్యతో కలిసి ఈ రెండు కతోలిక ఆశ్రమాలకు బయలుదేరాను.

శాంతివనం తమిళనాడులో, కుళిత్తలైకి చేరువన తన్నీర్‌పల్లిలో ఉంది. చెన్నై మీదుగా తిరుచ్చి చేరి, కరూర్ వైపు వెళ్లే బస్సెక్కితే కావేరి పక్కనుంచే దారి. 1950లో జూల్ మొంషానిన్, హెన్రీ లె సో అనే ఇద్దరు ఫ్రెంచి గురువులు దీన్ని స్థాపించారు. 1968లో వచ్చిన ఇంగ్లండు సన్యాసి బీడ్ గ్రిఫిత్స్ 1993లో కన్నుమూసేవరకు ఇక్కడే ఉన్నారు. ఆయన సమాధి ఆశ్రమంలోనే ఉంది. చెట్ల నడుమ చిన్న గదులు, మంచం, బల్ల, అంతే. భోజనం శాకాహారం, నేలమీద వరుసగా కూర్చుని చేత్తో తినాలి. ఉదయం కూరగాయలు తరిగే పనిలో అతిథులు కూడా చేయి వేస్తారు. గదికి ఇంత అని అద్దె అడగరు, వెళ్లేటప్పుడు ఎవరి శక్తికొద్దీ వారు కానుక ఇస్తారు. నదికి దగ్గర కాబట్టి దోమలు తప్పవు. దోమతెర మరవకండి.

ముందే చెప్పాల్సిన సంగతి ఒకటుంది. అక్కడి గుడికి దక్షిణాది కోవెలలా గోపురం ఉంటుంది. ఆరాధనలో కర్పూర హారతి ఇస్తారు, సంస్కృత స్తోత్రాలు పాడతారు, బైబిలుతోపాటు ఉపనిషత్తుల నుంచీ చదువుతారు. పొద్దున గంధం, మధ్యాహ్నం కుంకుమ, సాయంత్రం విభూతి ఇస్తారు. మన ఇళ్లలో బాప్తిస్మంతోపాటు బొట్టు తీసేసిన అమ్మమ్మలు ఎందరో ఉన్నారు. అత్తయ్య తల్లి అలాంటి మనిషే. అందుకే గంధం పళ్లెం దగ్గరికి రాగానే అత్తయ్య బిగుసుకుపోయింది. “వద్దండీ, మాకు అలవాటు లేదు” అంది. ఆ సహోదరుడు చిరునవ్వుతో తల ఊపి పక్కవారి దగ్గరికి వెళ్లారు. తర్వాత కూడా ఎవరూ బలవంతం చేయలేదు, కారణం అడగలేదు. సాయంత్రం విభూతి మాత్రం అత్తయ్య తనంతట తానే పెట్టుకుంది. భస్మ బుధవారం నాడు నుదుట పెట్టే బూడిద లాంటిదే కదా అంది. నేను మూడూ పెట్టుకున్నాను. నా విశ్వాసానికి వాటివల్ల ఏ లోటూ రాలేదు. మనసు ఒప్పనివారు వద్దనడంలోనూ తప్పు లేదు.

అసలు మేలు ఉదయ సాయంత్రాల ధ్యానంలో జరిగింది. గంట కొడతారు, అందరూ వచ్చి కూర్చుంటారు, ప్రసంగం ఉండదు. నేను పాటించినది బెనెడిక్టైన్ అనే కతోలిక మఠ సభకు చెందిన సన్యాసి జాన్ మెయిన్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. 1950లలో మలయాలో (నేటి మలేషియాలో) స్వామి సత్యానంద దగ్గర ధ్యానం నేర్చుకున్న ఆయన, తర్వాత తొలినాటి క్రైస్తవ సన్యాసుల రచనల్లోనూ అదే దారి ఉందని గుర్తించారు. వెన్ను నిటారుగా ఉంచి, కళ్లు మూసుకుని, ‘మరనాతా’ (ప్రభువా, రమ్ము) అనే అరమేయిక్ మాటను నాలుగు సమానమైన అక్షరాలుగా లోలోపల పలుకుతూ ఉండాలి. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక చివర ఉన్న మాటే అది. పొద్దున, సాయంత్రం ఇరవై నిమిషాల నుంచి అరగంట. మనసు ఇంటి బాకీల మీదికో, పిల్లల చదువు మీదికో పోతుంది. పోయిందని తెలిసిన వెంటనే మళ్లీ ఆ మాట దగ్గరికి రావాలి. మోకాళ్ల నొప్పి వల్ల అత్తయ్య కుర్చీలోనే కూర్చుంది. నాకంటే నిలకడగా కూర్చుంది కూడా! పక్కన పదిమంది కదలకుండా కూర్చున్నప్పుడు లేచిపోవాలనిపించినా లేవలేము. ఇంట్లో ఒంటరిగా దొరకనిది ఆ తోడే. అందుకే ఇలాంటి చోటును గది సౌకర్యాన్ని బట్టి కాదు, రోజులో ఎన్నిసార్లు కలిసి మౌనంగా కూర్చుంటారన్నదాన్ని బట్టి ఎంచుకోవాలని నా గట్టి అభిప్రాయం.

కురిసుమలకు కేరళలోని కొట్టాయం నుంచి ఈరాట్టుపేట మీదుగా ఘాట్ రోడ్డులో వెళ్లాలి. కొట్టాయంలో ఒక లాడ్జిలో రాత్రి రెండింటిదాకా పెళ్లి బృందం గోల, ఫోనులో ఫిర్యాదు చేసినా పట్టించుకున్నవారు లేరు. పొద్దున బస్సులో కొండెక్కుతుంటే ఆ విసుగంతా దిగిపోయింది. వాగమన్ సుమారు 1,100 మీటర్ల ఎత్తులో ఉంటుంది, స్వెటరు కావాలి. బెల్జియం సన్యాసి ఫ్రాన్సిస్ ఆచార్య, బీడ్ గ్రిఫిత్స్‌తో కలిసి 1958లో ఇక్కడ ఆశ్రమం ప్రారంభించారు. కాషాయం కట్టిన సన్యాసులు చీకటితోనే లేచి సిరియా సంప్రదాయంలో ప్రార్థిస్తారు, తర్వాత ఆవుల పనిలోకి వెళ్తారు. ఆ ప్రార్థనల గంభీరత నన్ను కదిలించింది. కానీ మలయాళం రానివారికి అనుసరించడం కష్టం. ఇప్పటికే ధ్యానం అలవాటై, తమంతట తాము కూర్చోగలిగినవారికే ఈ చోటు తగినది.

తొలిసారి వెళ్లేవారు శాంతివనానికే వెళ్లండి, నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య అయితే ఎండ బాధ ఉండదు. రెండు చోట్లా ముందుగా రాసి, బస ఖాయం చేసుకున్నాకే టిక్కెట్లు తీయండి. వాగమన్‌కు జూన్ నుంచి ఆగస్టు వరకు వద్దు, వాన విడవదు. శుభ శుక్రవారం నాడు సిలువ మార్గం చేస్తూ కురిసుమల కొండెక్కే యాత్రికుల రద్దీ విపరీతం. మౌనం కోరుకునేవారు ఆ వారం కాకుండా మరెప్పుడైనా పెట్టుకోవడం మంచిది.