టీపొడా, ఆకు టీయా? నల్లగొండ నీళ్లకు ఏది మేలు?

రోజూ వాడే టీపొడి మానేసి ఆకు టీకి మారితే బాగుంటుందా అని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. అడిగేవారిలో ఎక్కువమంది నల్లగొండ, మునుగోడు, దేవరకొండ వైపు వాళ్లు. అందుకని ముందు నేనే ఒకటి అడుగుతాను. మీరు టీ పెట్టేది బోరు నీళ్లతోనా, మిషన్ భగీరథ పథకం కింద ఇంటికొచ్చే నల్లా నీళ్లతోనా?

పొడి అయినా ఆకు అయినా ఒకే మొక్క నుంచి వస్తాయి. సీటీసీ అనే మామూలు టీపొడి కోసం ఆకును పళ్లున్న రోలర్ల మధ్య నలిపి, చీల్చి, చిన్న పలుకులుగా చుడతారు. ఆకు టీని మెలితిప్పి ఆరబెడతారు. అందుకే పొడి రెండు మూడు నిమిషాల్లోనే రంగు, వగరు దించేస్తుంది. ఆకు నిదానంగా దిగుతుంది, వాసన నిలుపుకుంటుంది. ఆ వాసనకే మనం ఎక్కువ ధర పెడతాం. దాన్ని నిలిపేదీ చెడగొట్టేదీ నీళ్లే.

మన దగ్గర చాలా బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. గిన్నె అడుగున పట్టే తెల్లటి పొర అదే. ఆ నీళ్లలో ఆకు వేస్తే టీ ఎర్రగా మెరవదు, మసకబారి నల్లబడుతుంది. పైన పలుచని తెట్టు కడుతుంది. నీలగిరి కొండల టీ ఆకుకున్న పూల వాసన అణగిపోతుంది. ఒకే ఆకును రెండు కప్పుల్లో వేసి, ఒకదానిలో బోరు నీళ్లు, మరోదానిలో నల్లాలో వచ్చే కృష్ణా నీళ్లు పోసి పక్కపక్కన పెట్టండి. తేడా రంగులోనే తెలిసిపోతుంది. నీళ్లను ముందే బాగా మరిగించి, తేరుకున్నాక పైనీళ్లు తీసుకుంటే సున్నం కొంత తగ్గుతుంది.

బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ మాత్రం మరిగిస్తే పోదు. నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. పైగా టీ మొక్క నేలలోని ఫ్లోరైడ్‌ను ఆకుల్లో దాచుకుంటుంది, ముదురాకుల్లో మరీ ఎక్కువ. అది డికాక్షన్‌లోకి దిగుతుంది. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదు. మర్రిగూడ, నాంపల్లి వైపు పల్లెల్లో ఈ ఫ్లోరైడ్ వల్ల నడుములు వంగిపోయిన మనుషులను చూసినవారికి ఇంతకన్నా చెప్పనక్కరలేదు. ఎలాగూ మరిగేవే కదా అని టీకి బోరు నీళ్లు పట్టే అలవాటు కొన్ని ఇళ్లలో ఇంకా ఉంది. దయచేసి మానేయండి. పిల్లలున్న ఇంట్లో అయితే ఈరోజే మానేయండి.

మంచినీళ్లు ఉన్నాయనుకుంటే నా ఓటు ఆకు టీకే. మరిగిన నీళ్లు దించి, కప్పుకు ఒక చెంచా ఆకు వేసి, మూత పెట్టి మూడు నాలుగు నిమిషాలు ఉంచి వడకట్టండి. పాలు వద్దు. అదే ఆకుకు మరోసారి నీళ్లు పోసినా తాగదగ్గ కప్పే వస్తుంది. పొడితో అది కుదరదు.

పాలు, అల్లం లేకుండా టీ దిగదనే ఇంటికి మాత్రం పొడే మేలు. పాలను తట్టుకునే సత్తా దానికే ఉంది, కిలోకు కప్పులూ ఎక్కువ వస్తాయి. అల్లాన్ని ముందు నీళ్లలో బాగా మరగనివ్వండి. పచ్చి అల్లంలోని ఎంజైమ్ పాలను విరగ్గొడుతుంది, వేడికి దాని బలం పోతుంది.

ఇరానీ చాయ్‌కి డికాక్షన్ ఒకవైపు, పాలు ఇంకోవైపు గంటలకొద్దీ కాగాలి. అది హోటల్లో తాగడమే సుఖం. గ్రీన్ టీలో సలసల కాగే నీళ్లు పోస్తే చేదెక్కుతుంది. 80 డిగ్రీల దగ్గర రెండు నిమిషాలు చాలు, బోరు నీళ్లు దానికీ పనికిరావు.